పరిశోధనలో మన వాటా ఏది?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూనివర్సిటీలు, ప్రైవేటు కంపెనీలు చేతులు కలపాలె, పరిశోధనను సరుకుగా మార్చి అమ్మాలె అని పాలకులు రోజూ చెప్తున్నరు. మంచిదే. మనం అడిగేది ఒక్కటే: ఆ ఒప్పందంలో మన వాటా ఎంత?

జవాబు కోసం నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం దాకా పోదాం. ఆ రేవు ఉన్న మండలం ముత్తుకూరు. ఉమ్మడి రాష్ట్రంలోని ఒకే ఒక్క మత్స్యశాస్త్ర డిగ్రీ కాలేజీని 1991లో అక్కడే పెట్టిన్రు. సముద్రం ఒడ్డున పెట్టుడు తప్పని మనం అనం. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న తెలంగాణకు ఇంకొకటి ఎందుకియ్యలేదన్నదే మన ప్రశ్న. ముదిరాజ్, గంగపుత్ర బిడ్డలు చేపల చదువు కోసం అంత దూరం పోవాల్సొచ్చింది. 2014లో రాష్ట్రం వచ్చినంకనే పెబ్బేరులో మన కాలేజీ వెలిసింది. అది కొట్లాట ఫలం.

కాలేజీ వస్తే కథ అయిపోయిందా? ఆ తీరం రొయ్య రైతు అనుభవం చూడుండ్రి. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2009లో వనామికి అనుమతి వచ్చింది. జబ్బులేని వనామి జాతిని అమెరికా సర్కారు సొమ్ముతో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్, ఇతర పరిశోధన సంస్థలు కలిసి తయారుచేసినయి. కంపెనీలు దాన్ని వ్యాపారం చేసినయి. విదేశాల నుంచి విమానమెక్కి వచ్చే తల్లి రొయ్యలు చెన్నైలో క్వారంటైన్ దాటినంకనే హేచరీలకు చేరుతయి. కాలేజీ పక్కూర్లోనే ఉన్నా విత్తనం మీద పెత్తనం పరాయోళ్లది.

మన చెరువులకూ అదే ప్రమాదం. 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైతే, టెండర్లు ప్రైవేటు వ్యాపారులు పట్టిన్రు. కోస్తా హేచరీల నుంచి లారీల్లో పిల్లలు దిగినయి. చెరువు మనది, వల మనది, విత్తనం సొమ్ము ఇంకొకరిది!

వాటా రాసుకునుడు కానిపని కాదు. మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌తో కొవాక్జిన్ ఒప్పందంలో అమ్మకాల మీద 5 శాతం రాయల్టీని ఐసీఎంఆర్ రాసుకున్నది. 2022 జనవరి ఆఖరుకు 171 కోట్లకు పైగా వచ్చినట్టు కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఢిల్లీ సంస్థకు దక్కే న్యాయం మన మత్స్య సంఘాలకు ఎందుకు దక్కదు?

అందుకే మేం అడుగుతున్నం. మన యూనివర్సిటీలు కంపెనీలతో చేసుకునే ప్రతి ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టాలె. చేప విత్తనం పరిశోధన పెబ్బేరులో జరగాలె, హేచరీలు జిల్లాల్లో లేవాలె. ఒప్పందంలో మత్స్య సహకార సంఘం మూడో సంతకందారు కావాలె. లాభంలో దానికి వాటా, కొలువుల్లో మన విద్యార్థికి తొలి హక్కు ఉండాలె.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఇప్పుడు ఆ నీళ్లల్ల పుట్టే జ్ఞానం మీద హక్కు కోసం కొట్లాడాలె. విద్యార్థులు ఒప్పందాల కాగితాలు అడగండ్రి. ఉద్యోగులు అవి దాచకుండ్రి.

జై తెలంగాణ!