నీటి అడుగున మారు సామాను ఎంత?

(మన సంఘ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నెల్లిమర్లలో చంపావతి ఒడ్డున కాలక్షేపం చేసే పింఛనుదారులకు సముద్రపు అడుగు కబుర్లు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మనం దిగం, నిజమే. మన మనవలు దిగుతున్నారు. విశాఖ రుషికొండలో స్కూబా డైవింగు నేర్పుతున్నారు. మంగమారిపేట దగ్గర నీటిలో ఉన్న రాతి తోరణాన్నీ, శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర మునిగిన చిల్కా ఓడనూ చూడటానికి కుర్రకారు వెళుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళం మనం చెప్పేది ఒకటే మాట: "ఎందుకైనా మంచిది, ఇంకొకటి ఎక్కువ పట్టుకెళ్ళు బాబూ." ఆ మాట నీటి అడుగున ఎంతవరకు చెల్లుతుందో మనవి చేస్తాను.

వీపున కట్టుకునే సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలే, కుదించి నింపుతారు. 12 లీటర్ల సిలిండరును 200 బార్ల ఒత్తిడితో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది రెండు గంటలు వస్తుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపవుతుంది కనుక గంటే వస్తుంది. 30 మీటర్ల లోతున అరగంటే. కంగారుపడి రొప్పితే అదీ రాదు. పోనీ ఒక్క ఉదుటున పైకి వద్దామంటే శరీరానికి ప్రమాదం. నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి.

జూట్ మిల్లులో పనిచేసిన వారికి స్పేరు సంగతి కొత్త కాదు. మగ్గం ఆగితే స్టోర్సు నుంచి సామాను వచ్చేదాకా ఆగుతుంది. నీటి అడుగున స్టోర్సు లేదు. కాబట్టి అక్కడ ప్రతి వస్తువుకూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చెడితే, పైకి చేరేలోగా ప్రాణానికి ముప్పా? ముప్పు అయితే రెండోది ఉండాలి. కాకపోతే మారుది పడవలో ఉంటే చాలు. కెమెరా పాడైతే పైకి వచ్చేయవచ్చు. గాలి అందించే రెగ్యులేటరు చెడితే అలా కుదరదు. 1943లో ఫ్రాన్సులో కూస్టో, గాన్యాన్ రూపొందించిన పరికరమే దీనికి మూలం. నేడు డైవర్లు నోటిలో ఒకటి, మారుగా మరొకటి ఉంచుకుంటారు. ఆ రెండోదాన్ని ఆక్టోపస్ అంటారు. అది ముఖ్యంగా జతగాడి కోసం. మన సిలిండరు అతనికి మారు, అతనిది మనకు మారు. అయితే ఇద్దరూ చేయి చాపితే అందే దూరంలో ఉన్నంతవరకే. చేపల వెంటపడి విడిపోతే ఆ ధీమా పోయినట్టే.

బాగా లోతుకు వెళ్ళేవారు కొందరు 3 లీటర్ల చిన్న సిలిండరు వేరే కట్టుకుంటారు. అందులో పట్టేది 600 లీటర్లు. కంగారులో నిమిషానికి 30 లీటర్ల చొప్పున పీల్చినా, 30 మీటర్ల నుంచి పద్ధతిగా పైకి రావటానికి అందులో చాలా భాగం కావాలి. అంటే సరిపోతుంది, మిగిలేది స్వల్పం. 10 మీటర్లలో జతగాడి పక్కనే ఈదేవాడికి మాత్రం అది అనవసరపు బరువే. గుహల్లోకి వెళ్ళేవారి లెక్క వేరు. పైన కప్పు ఉంటుంది, నేరుగా పైకి రాలేరు. అందుకే గాలిని మూడు వంతులు చేస్తారు: పోవటానికి ఒకటి, రావటానికి ఒకటి, ఆపదకు ఒకటి. దీపాలు కూడా మూడు పట్టుకెళతారు.

చేపల వేట సాగే తీరంలో తెగిన నైలాను వలల భయం ఉంటుంది. చిన్న కత్తి ఒకటి ఏ చేతికైనా అందేచోట ఉండాలి.

ఇక సామాను ఎక్కువైతే? ప్రతి అదనపు గొట్టమూ ఎక్కడో చిక్కుకోవచ్చు. బరువు పెరిగితే ఆయాసం పెరిగి, గాలి త్వరగా అయిపోతుంది. దిగేముందు తనిఖీ చేయవలసినవీ పెరుగుతాయి. కళ్ళు మూసుకుని తడిమితే చేతికి దొరకని స్పేరు ఆపదలో అక్కరకు రాదు.

కనుక మనవడు బయలుదేరేటప్పుడు మూడు మాటలు అడగండి. ఎంత లోతుకు వెళుతున్నావు? నీ జతగాడెవరు? గాలి ఎంత ఉండగా వెనుదిరుగుతావు? సిలిండరులో కనీసం 50 బార్లు మిగిలి ఉండగా పైకి చేరాలన్నది వాడుక. తడుముకోకుండా చెబితే ఆశీర్వదించి పంపండి. తడబడితే, ఎంత సామాను కట్టుకున్నా, ఆ రోజుకు ఒడ్డున కూర్చోవటమే మేలు.