అదాలతు అడిగేది ఆధారం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వకీళ్ళం కాము. రాయికోడ్‌లో ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా ఈ రోజు కోర్టుల సంగతి ఎత్తుకున్నామంటే, ఆ సంగతి మన బడి రిజిస్టరు దాకా వచ్చింది గనుక.

మన రిజర్వేషను కథ పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు. 2004 జులైలో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు ముస్లిములకు 5 శాతం ఇస్తూ జీవో తెచ్చింది. బి.సి. కమిషనును సంప్రదించలేదని సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో కమిషను సిఫారసు తీసుకుని చట్టమే చేశారు. వెనుకబాటును కొలిచిన తీరు సరిగా లేదని నవంబరులో అదీ పోయింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక తర్వాత, ముస్లిములందరికీ గాక వెనుకబడిన వర్గాలకే 4 శాతం ఇస్తూ బి.సి. 'ఇ' గ్రూపు వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీలలో ఐదుగురు దానినీ కాదన్నారు. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 14 వర్గాలకు సాగనిచ్చింది, అసలు ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. మన పిల్లలు ఎందరో ఆ ఉత్తర్వు నీడలోనే సీట్లు తెచ్చుకున్నారు.

ఇందులో మనకు సబకు ఏమిటి? రాజ్యాంగంలోని 15, 16 అధికరణలు వెనుకబాటును చూడమంటాయి, ఒక్క మతం పేరు సరిపోదు. "మేము గరీబులం సాబ్" అంటే అదాలతు వినదు. ఎవరు, ఏ వృత్తి, ఏ చదువు, లెక్క ఎక్కడ అని అడుగుతుంది. మన గోడు నిజమే కావచ్చు, కాగితం లేని గోడు కోర్టు గడప దాటదు.

ఇక మా తప్పు మేమే చెప్పుకోవాలి. పిల్లను బడిలో వేసేటప్పుడు కులం గడిలో 'ముస్లిం' అని రాసి ఊరుకున్నాము. షేకా, ఖురేషీయా, ఫకీరా, హజామా అని అడగలేదు. అడిగితే చిన్నతనంగా వుంటుందనుకున్నాము. తర్వాత ఒక అమ్మాయికి మంచి మార్కులొచ్చినా సర్టిఫికెట్ వేళకు అందలేదు, సీటు పోయింది. తండ్రి "రేపు చూద్దాం" అన్నాడు, మేము రిజిస్టరు చూసి తల దించుకున్నాము. ఆ పిల్ల ముందు ఏ వకీలూ మా తరఫున వాదించలేడు.

కాబట్టి అన్నలారా, అమ్మలారా! బడిలో పేరు రాయించే నాడే వర్గం పేరు రాయించండి. ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాలలో ఒకటిగా వుండాలి. పదో తరగతికి ముందే కులం, ఆదాయం సర్టిఫికెట్లకు దరఖాస్తు పెట్టండి. దూదేకులవారు బి.సి. 'బి'లో వున్నారు, ఆ సంగతి మరువకండి. సయ్యద్, పఠాన్ కుటుంబాలు 'ఇ'లో లేవు. ఆదాయం, ఆస్తి షరతులకు సరిపోయే పేద ఇళ్ళవారు 2021 నుంచి మన రాష్ట్రంలో అమలయిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటా చూసుకోవచ్చు. ఫారము నింపరాని వారు సాయంత్రం మా దగ్గరికి రండి, మేము నింపుతాము.

ఢిల్లీలో తీర్పు ఎట్లా వచ్చినా, చదివిన పిల్ల చదువును ఏ కోర్టూ కొట్టివేయదు. అల్లా మన బిడ్డలకు ఇల్ము ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.