రేవులలో మామూళ్లు

సరుకుల ఓడ రేవు చేరినదనగా ప్రయాణము ముగిసినదని ఒడ్డున నున్న మనము తలచుదుము. ఓడ కెప్టెనుకు మాత్రము అప్పుడే మరియొక యాతన ఆరంభమగును. లంగరు దించి నిచ్చెన వదలిన కొలదిసేపటికే ఆరోగ్యశాఖవారు, కస్టమ్సువారు, ఇమ్మిగ్రేషనువారు, రేవు అధికారులు ఒకరి వెనుక నొకరు పైకి ఎక్కి వచ్చెదరు. నావికుల పేర్ల జాబితా, వారి సొంత వస్తువుల జాబితా, ఓడలో నిలువయున్న తిండి పదార్థములు, సిగరెట్లు, మద్యము వీని జాబితా, సరుకు వివరములు, టీకా పత్రములు అన్నియు బల్లపై పేర్చుకొని కెప్టెను వారికొరకు వేచియుండును. పత్రములన్నియు సక్రమముగనే యుండును. అయినను కొన్ని రేవులలో ఆ వచ్చిన అధికారి వెంటనే ముద్ర వేయడు. కాగితములు ముందుకు వెనుకకు త్రిప్పును. ఒక అంకెపై వ్రేలుంచి, ఇది సరిగా లేదనును. జరిమానా పడుననును. పిమ్మట స్వరము తగ్గించి, సిగరెట్ల పెట్టెలు ఎన్ని ఉన్నవని అడుగును.

ఇట్టి మాటయే పుట్టని రేవులు ప్రపంచమున చాల కలవు. పుట్టు రేవులలో సైతము నిజాయితీతో పనిచేయు ఉద్యోగులు కలరు. నేను చెప్పబోవునది తక్కినవారిని గురించి. అంతకంటె ముఖ్యముగా, వారి యెదుట ఒంటరిగా కూర్చుండు ఆ కెప్టెనును గురించి.

లంచమను మాట మనకు కటువుగా తోచును. అందువలననే కాబోలు, వాడుకలో దానికి మామూలు అను మెత్తని పేరు పెట్టుకొన్నాము. ఎప్పుడును జరుగునదే అని దాని అర్థము. ఇచ్చువానికి సిగ్గును, పుచ్చుకొనువానికి భయమును ఏకకాలమున పోగొట్టగల మాట అది. సముద్రముపై తిరుగు జనులకును ఇట్టి మాటలు కొన్ని కలవు. పశ్చిమాసియా, ఈజిప్టు రేవులలో దానిని బక్షీసు అందురు. చీనా తీరమున కంషా అనెడివారు. అమోయ్ ప్రాంతపు యాసలో కృతజ్ఞత తెలుపు మాట నుండి అది పుట్టినదట. పదునెనిమిదవ శతాబ్దిలో కాంటన్ రేవునకు వచ్చిన ప్రతి ఓడను కొలిచి సుంకము విధించెడివారు. ఆ సుంకముతోపాటు కానుక అను పేర మరియొక మొత్తమును పుచ్చుకొనెడివారు. మొదట ఇష్టముగా ఇచ్చినది క్రమముగా లెక్కల పుస్తకములోనికి ఎక్కి, ఓడకింత అని స్థిరపడినది. కానుకకు కాళ్లు వచ్చి పన్ను అయినది!

తుపానుకు వెరువనివాడు ఒక చిన్న ఉద్యోగికి ఏల లొంగవలెనని మీరు అడుగవచ్చును. లెక్క చూడుడు. ఒక పెద్ద సరుకు ఓడకు దినమునకు 10,000, 20,000 డాలర్ల అద్దె పలుకుట సామాన్యము. గిరాకి హెచ్చిన కాలములో అంతకు మించియు పలుకును. అడిగినది పది పెట్టెల సిగరెట్లు. కాదన్నచో ఓడ ఒక దినము నిలిచిపోవచ్చును. నిలిచిన ఓడ ఇంధనము త్రాగుచునే యుండును. నావికుల జీతము పెరుగుచునే యుండును. ఓడను అద్దెకు తీసికొన్న కంపెనీ సందేశము మీద సందేశము పంపుచుండును. ఈ లెక్క కెప్టెనుకు తెలిసినంత బాగుగను ఆ అధికారికి తెలియును. అతడు అమ్మునది ముద్ర కాదు, కాలము.

కెప్టెను ఆ దేశమునకు పరాయివాడు. భాష రాదు. రెండు దినములలో వెడలిపోవువాడు, ఎవరికి మొరపెట్టుకొనగలడు? రేవులో ఓడ పనులు చూచు స్థానిక ఏజెంటు ప్రక్కనే నిలిచి, "ఇచ్చివేయుడు కెప్టెన్‌గారూ, ఇక్కడ ఇంతే" అని మెల్లగా చెప్పును. కంపెనీవారి నియమావళి ఆ గది గోడపైననే వ్రేలాడుచుండును: లంచమీయరాదు. ఆ కంపెనీ కచేరి నుండియే ప్రశ్న వచ్చును: ఓడ ఇంకను ఏల కదలలేదు? ఈ రెండు వాక్యముల నడుమ నలిగిపోవువాడు కెప్టెను. చివరకు ఇచ్చినదానిని లెక్కలలో ఏ పేర వ్రాయవలెనో కూడ అతడే యోచింపవలెను. ఎన్ని సిగరెట్లు, ఎన్ని సీసాలు 'ఇతర ఖర్చులు' అను రెండు మాటల క్రింద దాగియున్నవో!

అర్జెంటీనా దేశపు ఉదాహరణము ఈ వ్యవహారమును చక్కగా విప్పి చూపును. పరానా నది వెంట నున్న రేవుల నుండి మొక్కజొన్న, సోయా, గోధుమ విస్తారముగా ఎగుమతి యగును. ధాన్యము నింపుటకు ముందు ఓడ గర్భములోని అరలు శుభ్రముగా నున్నవో లేవో పరీక్షింపవలెను. ఇది అవసరమైన పరీక్షయే. క్రిందటి ప్రయాణములో ఆ అరలో బొగ్గు ఉండియుండవచ్చును. తుప్పు పెళ్లలు, పాత సరుకు గింజలు, పురుగులు, తేమ వీనిలో ఏ ఒక్కటి మిగిలినను కొత్త ధాన్యము చెడిపోవును. అందువలన నావికులు దారి పొడవున, సినిమా హాలంతటి ఆ అరలను సముద్రపు నీటితో ఒకసారి, మంచినీటితో ఒకసారి కడిగి, నిచ్చెనలపై వ్రేలాడుచు గోడలు గీకి, తుడిచి ఆరబెట్టెదరు. ఎండలో, అలల ఊపులో, రోజుల తరబడి చేయు చాకిరి అది. అంత చేసిన పిమ్మట ఒక పరీక్షకుడు టార్చి దీపముతో దిగును. ఎక్కడనో ఒక మూల గోరంత తుప్పు చూపి, ఈ అర పనికిరాదనును. ఇంత పెద్ద ఇనుప గదిలో గోరంత తుప్పు వెదకిన దొరకకుండునా? పనికివచ్చునో రాదో నిర్ణయించునది అతని నోటి మాట. పై విచారణ లేదు. ఆ నోటి మాటకు ధర కట్టబడినది. కడిగిన నావికులు చూచుచుండగనే, వారి శ్రమ డబ్బిచ్చిన శుభ్రము, ఈయకున్న అశుభ్రము అయ్యెడిది.

అక్కడ పరీక్షకులను మార్చుట వలన పెద్ద ఫలము కలుగదు. వచ్చినవాడును ఆ కుర్చీలోనే కూర్చుండును గదా. మార్చవలసినది పద్ధతి. నౌకా కంపెనీలవారు, అచటి వర్తకులు, ప్రభుత్వశాఖ కలిసి చర్చించి 2017లో కొత్త నిబంధనలు తెచ్చినారు. పరీక్షలో ఏమి చూడవలెనో వివరముగా నిర్ణయించినారు. ఒకని మాటను మరియొకడు సరిచూచు ఏర్పాటు చేసినారు. తగవు వచ్చినచో పై వారికి నివేదించు మార్గము కల్పించినారు. పరీక్షల వివరములు కంప్యూటరులో నమోదగునట్లు చేసినారు. తరువాత లంచము అడిగిన సంఘటనలు 90 శాతమునకు పైగా తగ్గినవని ఈ కృషిలో పాల్గొన్న నౌకా కంపెనీల సంఘము ప్రకటించినది.

ఆ సంఘము పేరు మారిటైమ్ యాంటీ కరప్షన్ నెట్‌వర్క్. 2011లో కొన్ని కంపెనీలతో మొదలై నేడు 200కు పైగా సభ్యులు గలది. ఏ రేవులో ఎవరు ఏమి అడిగినారో నావికులు తమ పేరు చెప్పకుండ దానికి తెలుపవచ్చును. ఒక ఓడ ఫిర్యాదు గాలిలో కలిసిపోవును. నూరు ఓడలు ఒకే రేవును గురించి ఒకే మాట చెప్పినచో, ఆ రేవుగల ప్రభుత్వముతో మాటాడుటకు ఆధారము చిక్కును.

సూయజ్ కాలువ సంగతి చూడుడు. 1869లో తెరచిన ఆ కాలువ 193 కిలోమీటర్ల పొడవు. దానిని దాటు ఓడపైకి దారి చూపు పైలట్లు, త్రాళ్లు కట్టు పడవవారు, సర్చిలైటు చూచు ఎలక్ట్రీషియను ఎక్కుదురు. సిగరెట్లు అడుగుట అక్కడ ఎంత వాడుకయైనదనగా, నావికులు దానికి మార్ల్‌బొరో కాలువ అను మారుపేరు పెట్టినారు. నవ్వులాటకు పెట్టిన పేరే గాని, ఇరుకైన కాలువలో ఓడ చుక్కాని ఎవరి మాటపై తిరుగుచున్నదో, ఆ మనుష్యుడు అలిగియుండగా ఆ నవ్వు నిలువదు. 2015లో ఆ సంఘములోని కంపెనీలు మా ఓడలలో ఏదియు ఈయబడదని ఒక్కమారుగా ప్రకటించినవి. అప్పటి నుండి కెప్టెను "నేనీయను" అనవలసిన పని తప్పినది. "మేమెవరమును ఈయము" అనుటకు వీలు కలిగినది. అడుగుట పూర్తిగా మానిపోలేదు. కాదన్న ఓడలపై బెదిరింపులు మాత్రము తగ్గినవని సభ్యులు చెప్పినారు. నైజీరియాలో సైతము 2020లో, ఏ శాఖవారు ఓడపై ఏ పని ఎట్లు చేయవలెనో తెలుపు నియమ గ్రంథము వెలువడినది.

రేవు నియమములను బహిరంగముగా ప్రకటించుట మన తెలుగు తీరమునకు కొత్త గాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము కలదు. తుపానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగుకొనెడివారు. గణపతిదేవుడు దానిని మాన్పించి, సముద్రముపై ప్రాణములకు తెగించి వచ్చిన వర్తకుల నుండి ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము తప్ప మరేమియు పుచ్చుకొనరాదని శాసించెను. ఎదుటివాడు అడుగునది ధర్మమో కాదో తెలియుటకు రేవులో దిగిన వర్తకునకు ఆ రాతిస్తంభము చాలును.

చట్టముల తీరు కూడ మారినది. అమెరికావారు 1977లో విదేశీ అధికారులకు లంచమిచ్చుటను నేరముగా నిర్ణయించినను, పని త్వరపెట్టుటకిచ్చు చిన్న మొత్తములను విడిచిపెట్టిరి. బ్రిటిషువారి 2010 నాటి చట్టము ఆ మినహాయింపును ఈయలేదు. మన దేశములో 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించినప్పుడు లంచమిచ్చుటయు సూటిగా నేరమైనది. బలవంతము వలన ఇచ్చినవాడు 7 దినములలో తెలిపినచో రక్షణ కలదు. ఇది న్యాయముగనే తోచును. కాని 7 దినములలో ఓడ ఎక్కడ నుండును? మూడవ దేశపు తీరములో మరియొక అధికారి యెదుట కాగితములు పేర్చుచుండును. నాకు ఈ నిబంధన ఒడ్డుమీది మనుష్యుని దృష్టిలో నుంచుకొని వ్రాసినట్లు కన్పట్టును.

కాగితములే తగ్గించినచో బేరమునకు చోటు తగ్గును గదా అని అంతర్జాతీయ సముద్రయాన సంస్థవారు యోచించినారు. రేవు లాంఛనములను సులభము చేయుటకు 1965లోనే ఒడంబడిక కుదిరినది. 2024 జనవరి 1 నుండి ఓడ వివరములన్నియు కంప్యూటరు ద్వారా ఒకే చోట అందజేయు ఏర్పాటు సభ్యరాజ్యములకు విధిగా నియమింపబడినది. యంత్రము సిగరెట్లు అడుగదు. అయినను ధాన్యపు అరలోనికి దిగవలసినవాడు మనుష్యుడే.

కెప్టెను ఎల్లప్పుడును నిర్దోషి యని నేను చెప్పుట లేదు. చెడిపోయిన పంపును, చమురు నీటిని సముద్రములో వదలిన సంగతిని కప్పిపుచ్చుటకు తానుగా కవరు చేతికిచ్చు ఓడలును కలవు. అప్పుడు అమ్ముడుపోవునది కాలము గాదు, తోటి నావికుల ప్రాణములు. సిగరెట్లకు అలవాటుపడిన రేవులో ఈ కవరుకు దారి సుళువగుట సహజము.

ఇక మన ఇండ్లకు సమీపమైన సంగతి ఒకటి. ఉత్తరాంధ్ర తీరమునుండి, తక్కిన జిల్లాలనుండియు యువకులు ఓడ ఉద్యోగములకు పోవుచున్నారు. వీరిలో పలువురికి మామూలుతో తొలి పరిచయము సముద్రమును చూడకముందే జరుగుచున్నది. శిక్షణ ముగించిన పిల్లవానికి ఉద్యోగమిప్పింతునని దళారి లక్షలు అడుగును. తల్లిదండ్రులు పొలము కుదువపెట్టి ఇచ్చెదరు. ఆ అప్పుతో ఓడనెక్కినవాడు జీతము అందకున్నను, ఓడ పాతబడి కారుచున్నను, నోరు మెదపజాలడు.

దీనికి చట్టము స్పష్టముగా నున్నది. 2006 నాటి సముద్ర కార్మికుల ఒడంబడికను మన దేశము 2015లో ఆమోదించినది. దాని ప్రకారము ఉద్యోగమిప్పించినందుకు నావికుని వద్ద రుసుము పుచ్చుకొనరాదు. అతడు పెట్టుకొనవలసిన ఖర్చులు మూడే: వైద్య పరీక్ష పత్రము, నావికుని గుర్తింపు పుస్తకము, పాస్‌పోర్టు. నావికులను చేర్చుకొను ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వారి లైసెన్సు ఉండవలెను. డబ్బు మాట ఎత్తినవానిని ఆ లైసెన్సు సంఖ్య అడిగి, డైరెక్టరేటు వారి జాబితాతో సరిచూచుకొనవచ్చును. వీసాకగు ఖర్చు సైతము ఓడ యజమాని భరింపవలసినదే.