పిరికివాడు అన్నచోటే పదహారేళ్ళు – బోర్యే సాల్మింగ్ కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఐస్ హాకీ గురించి. మనలో చాలామంది ఈ ఆటని టీవీలో కూడా పూర్తిగా చూసి ఉండరు. కెనడాలో ఉన్న మనవాళ్ళని అడిగి చూడండి, అక్కడ చలికాలం మొత్తం ఇదే గోల అని చెప్తారు. మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. ఆ ఆటలో ఒక డిఫెండర్, పేరు బోర్యే సాల్మింగ్. స్వీడన్ దేశస్థుడు. ఇతని కథ తెలుసుకోవడానికి హాకీ తెలియాల్సిన పనిలేదు. కానీ ఆట గురించి ఒక రెండు నిమిషాలు చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తేనే ఇతను చేసిన పని ఎంత కష్టమో అర్థమవుతుంది.

మంచు గడ్డ మీద ఆట. కాళ్ళకి కత్తుల్లాంటి స్కేట్లు. ఒక్కో జట్టుకి ఆరుగురు: ఒక గోలీ, ఇద్దరు డిఫెండర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. బంతి ఉండదు, పక్ అని ఒక నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. బరువు 170 గ్రాముల దాకా ఉంటుంది. మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు, ఎగిరిపడకుండా జారాలని. గట్టిగా కొడితే అది గంటకి 150 కిలోమీటర్ల వేగం దాటి వస్తుంది. ఇప్పుడు డిఫెండర్ పని ఏమిటి? ఆ బిళ్ళ గోలీ దాకా పోకుండా చూడటం. అంటే అవసరమైతే దానికి అడ్డంగా పడుకోవాలి. అవునండీ, నిజంగానే మంచు మీద అడ్డంగా పడిపోయి, ఒంటితో ఆపాలి.

ఇంకొక్క విషయం. ఈ ఆటలో ఎదుటివాణ్ణి భుజంతో గుద్దడం తప్పు కాదు, ఆటలో భాగమే. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడాల పెద్ద లీగ్‌లో, ఇద్దరు ఆటగాళ్ళు గ్లవ్స్ విసిరేసి పిడిగుద్దులు గుద్దుకున్నా మామూలుగా పడే శిక్ష అయిదు నిమిషాలు బయట కూర్చోబెట్టడమే. 1970లలో అయితే కొట్లాటలే ఒక వ్యూహం. దీన్ని గుర్తుపెట్టుకోండి.

సరే, మన మనిషి దగ్గరికి వద్దాం. సాల్మింగ్ 1951లో పుట్టాడు. ఊరు కిరూనా ప్రాంతం. స్వీడన్‌కి పైకొసన, ఆర్కిటిక్ వలయానికి కూడా పైన ఉంటుంది. చలికాలంలో కొన్ని వారాలపాటు అక్కడ సూర్యుడే కనపడడు. ఊరికి ఆధారం ఇనుప గని. తండ్రి వైపు వాళ్ళు సామీలు, అంటే ఆ ఉత్తరాది నేలకి మూలవాసులు, రెయిన్‌డీర్లని మేపుకునే జాతి. తండ్రి గనిలో పనిచేసేవాడు. బోర్యేకి అయిదేళ్ళప్పుడు ఆ గని ప్రమాదంలోనే పోయాడు. అన్న స్టిగ్, ఇతనూ, ఇద్దరూ హాకీలో పడ్డారు. ఇద్దరూ బ్రినెస్ అనే పెద్ద క్లబ్‌కి ఆడారు. 1971లో, 1972లో బ్రినెస్ స్వీడన్ ఛాంపియన్ అయింది.

ఇక టొరంటో సంగతి. టొరంటో మేపుల్ లీఫ్స్ అనే క్లబ్ మనిషి జెర్రీ మెక్‌నమారా స్వీడన్ వెళ్ళాడు. వెళ్ళింది ఒక గోల్‌కీపర్‌ని చూడటానికి. ఆ గోలీకి దెబ్బ తగిలి ఆడటం లేదు. సరే వచ్చాం కదా అని బ్రినెస్ మ్యాచ్ చూశాడు. ఎదుటి జట్టు కెనడా నుంచి వచ్చినవాళ్ళు. మొరటు ఆట. సాల్మింగ్ వెనక్కి తగ్గలేదు, ఆఖరికి అతన్ని మ్యాచ్ నుంచి బయటికి పంపేశారు. మెక్‌నమారా డ్రెస్సింగ్ రూమ్‌కి పోయి అడిగాడు, మా క్లబ్‌కి వస్తావా అని. గోలీ కోసం వెళ్ళినవాడు డిఫెండర్‌ని తెచ్చుకున్నాడు, చూడండి.

1973లో సాల్మింగ్, అతనితోపాటు ఫార్వర్డ్ ఇంగే హామర్‌స్ట్రోమ్ టొరంటోకి వచ్చారు. అంతకుముందు స్వీడన్ నుంచి ఎవరూ రాలేదా అంటే, వచ్చారు. ఉల్ఫ్ స్టెర్నర్ 1965లో న్యూయార్క్‌కి నాలుగు మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోయాడు. కానీ వచ్చి పాతుకుపోయి, లీగ్‌లో అగ్రశ్రేణికి చేరినవాడు లేడు. అప్పట్లో అక్కడివాళ్ళ నమ్మకం ఏమిటంటే, యూరప్ వాళ్ళు స్కేటింగ్ బాగా చేస్తారు, పాస్‌లు బాగా ఇస్తారు, ఒక్క దెబ్బ పడితే పారిపోతారు అని. స్వీడన్ ఆటగాళ్ళకి ఒక పేరే పెట్టారు. మన మాటలో చెప్పాలంటే, పిరికి కోళ్ళు అని. సొంత క్లబ్ యజమాని హెరాల్డ్ బల్లార్డ్ కూడా హామర్‌స్ట్రోమ్ మీద ఒక జోకు వేశాడు. జేబులో అరడజను గుడ్లు వేసుకుని రింక్ మూలలోకి వెళ్ళినా ఒక్కటీ పగలకుండా తిరిగొస్తాడట. జీతం ఇచ్చేవాడే ఈ మాట అంటే, ఇక ఎదుటి జట్లు ఊరుకుంటాయా?

ఊరుకోలేదు. ముఖ్యంగా ఫిలడెల్ఫియా ఫ్లయర్స్. కొట్లాటకి పేరుపడ్డ జట్టు. 1974లో, 1975లో స్టాన్లీ కప్ గెలిచింది కూడా ఆ పద్ధతిలోనే. అందులో డేవ్ షుల్ట్జ్ అనే అతను 1974-75 సీజన్‌లో శిక్షల కింద కూర్చున్న సమయమే 472 నిమిషాలు. ఇప్పటికీ అది రికార్డు. సాల్మింగ్ వచ్చిన తొలి రోజుల్లోనే ఆ షుల్ట్జ్‌తో కొట్లాటకి దిగాల్సి వచ్చింది. దిగాడు. కర్రలతో పొడిచారు, గుద్దారు, ఇంటికి పో అన్నారు. పోలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సాల్మింగ్ కొట్లాటల వల్ల గొప్పవాడు కాలేదు. తిరిగి కొట్టినంత మాత్రాన గౌరవం వచ్చేస్తే ఆ రోజుల్లో అలాంటివాళ్ళు ప్రతి జట్టులోనూ ఉన్నారు. అతను చేసింది వేరు. ఎదుటివాడు బలంగా షాట్ కొడుతుంటే, ఆ గడ్డకట్టిన బిళ్ళకి ఒళ్ళు అడ్డం పెట్టాడు. ఒకసారి కాదు, ప్రతి రాత్రి. ఆపిన బిళ్ళని ఊరికే బయటికి తోసెయ్యకుండా, దాన్ని తీసుకుని ముందుకి దూసుకెళ్ళి, ఫార్వర్డ్‌కి సరిగ్గా అందించాడు. పారిపోయేవాడు అడ్డంగా పడుకోడు కదా! ధైర్యం అంటే పిడికిలి అనుకునేవాళ్ళకి, ధైర్యం ఇలాగ కూడా ఉంటుందని రోజూ చూపించాడు.

ఫలితం ఎలా వచ్చిందో చూడండి. 1976 సెప్టెంబర్‌లో కెనడా కప్ అని దేశాల మధ్య టోర్నీ. టొరంటోలో కెనడాకీ స్వీడన్‌కీ మ్యాచ్. సాల్మింగ్ స్వీడన్ చొక్కాలో ఉన్నాడు, అంటే ప్రత్యర్థి. మ్యాచ్ ముందు పేర్లు చదువుతున్నారు. సాల్మింగ్ పేరు రాగానే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎంతసేపటికీ ఆగలేదు. సొంత దేశం ఆడుతుంటే ఎదుటి జట్టువాడికి! హైదరాబాద్ ఉప్పల్‌లో ఇండియా మ్యాచ్ అప్పుడు అవతలి దేశం ఆటగాడికి అలా జరుగుతుందేమో ఊహించుకోండి. మూడేళ్ళ కిందట ఇంటికి పొమ్మన్న దేశం అది.

అంకెలు కూడా చెప్తాను. టొరంటోకి 16 సీజన్లు, 1099 మ్యాచ్‌లు. 148 గోల్స్, 620 అసిస్ట్‌లు. అసిస్ట్ అంటే గోల్ కొట్టినవాడికి బిళ్ళ అందించడం. ఆ క్లబ్ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ అసిస్ట్‌లు ఒక డిఫెండర్‌వి అంటే ఆలోచించండి. లీగ్ ఆల్‌స్టార్ జట్టులో 6 సార్లు. యూరప్‌లో ఆట నేర్చుకుని ఎన్‌హెచ్‌ఎల్‌లో 1000 మ్యాచ్‌లు ఆడిన మొదటివాడు ఇతనే, 1988లో.

మరి కప్పు? గెలవలేదండీ. 1978లో దగ్గరికొచ్చారు, సెమీఫైనల్ దాకా. ఆ దారిలోనే సాల్మింగ్ కంటికి కర్ర తగిలి మిగతా మ్యాచ్‌లకి దూరమయ్యాడు. ఆ తర్వాత బల్లార్డ్ పాలనలో జట్టు చెల్లాచెదురైంది. లానీ మెక్‌డొనాల్డ్‌ని పంపేశారు, కెప్టెన్ డారిల్ సిట్లర్‌ని పంపేశారు. సాల్మింగ్ మాత్రం ఓడిపోయే జట్టులో ఏళ్ళ తరబడి అదే పని చేస్తూ ఉండిపోయాడు.

మచ్చలు లేవా అంటే, ఉన్నాయి. ఒకప్పుడు కొకైన్ తీసుకున్నానని 1986లో తానే చెప్పాడు. లీగ్ సస్పెండ్ చేసింది, చివరికి 8 మ్యాచ్‌లు పోయాయి. అదే ఏడాది నవంబర్‌లో గోల్ ముందు కింద పడ్డప్పుడు ఎదుటి ఆటగాడి స్కేట్ ముఖం మీద పడింది. కన్ను దగ్గర్నుంచి నోటి దాకా తెగింది. 200 పైగా కుట్లు. మళ్ళీ వచ్చి ఆడాడు. 1989లో టొరంటో వదిలి ఒక ఏడాది డెట్రాయిట్‌కి, తర్వాత స్వీడన్ వెళ్ళి 1993 దాకా ఆడాడు. నలభై ఏళ్ళ వయసులో, 1992లో, ఒలింపిక్స్ కూడా ఆడాడు. 1996లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. స్వీడన్ నుంచి మొదటివాడు.

అతని వెనక ఎవరొచ్చారు? మాట్స్ సుందీన్, 1989 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు, తర్వాత అదే టొరంటోకి కెప్టెన్. నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్, యూరప్‌లో ఆట నేర్చుకుని స్టాన్లీ కప్ అందుకున్న మొదటి కెప్టెన్, 2008లో. ఇతనూ డిఫెండరే. వీళ్ళని ఎవరూ కోళ్ళు అనలేదు. ఎందుకంటే ఆ మాట పడాల్సినవాడు ముందే పడి, దాన్ని అరగదీసేశాడు.

2022 ఆగస్టులో సాల్మింగ్‌కి ఏఎల్‌ఎస్ వచ్చిందని ప్రకటించారు. కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు. నయం చేసే మందు లేదు. త్వరగా మాట పోయింది. ఆ నవంబర్‌లో టొరంటో పిలిచింది, వెళ్ళాడు. మంచు మీద ఒక పక్క సిట్లర్, ఒక పక్క సుందీన్. చెయ్యి కూడా పైకెత్తలేని మనిషిని పట్టుకుని నిలబెట్టారు. స్టేడియం అంతా నిలబడి చప్పట్లు, సిట్లర్ కళ్ళల్లో నీళ్ళు. ఆ వారాంతం మ్యాచ్‌లో టొరంటో మొదట దింపిన ఆరుగురూ స్వీడన్ వాళ్ళే. గోలీతో సహా. 1973లో ఇద్దర్ని చూసి నవ్విన క్లబ్ అది! ఇంకో రెండు వారాలు కూడా గడవకముందే, నవంబర్ 24న, సాల్మింగ్ కన్నుమూశాడు. 71 ఏళ్ళు.

డిఫెండర్ పని స్కోర్‌బోర్డులో కనపడదు. పడిన గోల్ అందరికీ గుర్తుంటుంది, పడకుండా ఆపిన గోల్ ఎవరికీ గుర్తుండదు. కొత్త దేశం వెళ్ళి, యాస మీద, రంగు మీద, వెనకాల నవ్వులు వింటూ, ఆ రోజు పని ఆ రోజు సరిగ్గా చేసి ఇంటికొచ్చేవాళ్ళు మనలో కూడా చాలామంది ఉన్నారు. మొదట వెళ్ళినవాడికి ఎప్పుడూ ఖర్చు ఎక్కువే. కానీ తర్వాత వచ్చేవాళ్ళు నడిచేది ఆ దారిలోనే.

వీలైతే ఆ 2022 నవంబర్ వీడియో ఒకసారి చూడండి. హాకీ తెలియకపోయినా అర్థమవుతుంది. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఇలా మొదట వెళ్ళి మాట పడినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ గురించి కామెంట్లలో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.