వేగమునకు సాక్షి



నిరుడు మా యింటికొక తాఖీదు వచ్చినది. నా స్కూటరు రహదారిపై మితిమీరిన వేగమున పోయినదని అందలి అభియోగము. నేనో, అరువదియేండ్లు దాటి ఎడ్లబండికిని దారి విడిచి పోవువాడను! అయినను యంత్రము చెప్పినది గదా యని యింటివారు జరిమానా కట్టబూనిరి. ఆ యంత్రము దేనిని చూచును, దేనిని ఊహించును అను విచారము నాకప్పుడు కలిగెను.

తర్కము చదివినవారికి ప్రత్యక్షము వేఱు, అనుమానము వేఱు. వేగమును కెమేరా ఒక్క చిత్రములో చూడజాలదు, గణించి తెలిసికొనవలయును. అందులకై రాడారు రేడియో తరంగములను బండిపైకి పంపును. ఎదురు వచ్చు బండిని తాకి మరలిన తరంగము యొక్క పౌనఃపున్యము హెచ్చును, దూరమగు బండినుండి మరలినచో తగ్గును. ఆ భేదమే వేగమునకు కొలత. స్టేషను దాటి పోవు రైలుకూత దిగజాఱుట మీరు విన్నదే. ఈ ధర్మమును డాప్లరు పండితుడు 1842లో వివరించెను.

ఇట్టి కెమేరాలకు ప్రసిద్ధి తెచ్చిన హాలెండు దేశీయుడు మారిస్ గాట్సోనిడెస్ స్వయముగ మోటారు పందెగాడు. 1953లో మాంటికార్లో ర్యాలీ గెలిచెను. మలుపులలో తన వేగమును కొలిచి యింకను వడిగా పోవుటకే యతడు యంత్రమును కల్పించుకొనెను. అది తుదకు వడిగా పోవువారినే పట్టుట విధివిలాసము.

అతని పేరిటి రాడారు కెమేరా అరసెకను ఎడముతో రెండు చిత్రములు తీయును. రోడ్డుపై గీచిన తెల్లగీతలనుబట్టి ఆ నడుమ బండి యెంత జరిగెనో లెక్కింపవచ్చును. పది మీటర్లు జరిగినచో సెకనుకు ఇరువది, గంటకు 72 కిలోమీటర్లు. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల లెక్క! రాడారు మాటకు ఈ గీతలు రెండవ సాక్షి.

సంఖ్యాఫలకమును చదువుట మాత్రము వేఱు పని. చిత్రమందలి ఆకారములను యంత్రము పోల్చుకొని చదువును. మట్టి పడిన 3 దానికి 8గా తోపవచ్చును. మన కేంద్ర ప్రభుత్వము 2021లో చేసిన నియమములు, నేరమును సంఖ్యాఫలకమును స్పష్టముగ చూపు చిత్రము చలానుతో నుండవలెనని విధించినవి. నా తాఖీదులోని చిత్రమును భూతద్దముతో చూచితిని. అందున్నది స్కూటరు కాదు, కారు! దాని తుది అంకె 3, నాది 8. వేగమును సరిగనే కొలిచిరేమో గాని మనిషిని మార్చిరి.

ఆ చిత్రమునే జతచేసి జాబు వ్రాసితిని. కొన్నాళ్లకు చలాను రద్దయ్యెను. కారువానికి తాఖీదు వెళ్లినదో లేదో మాత్రము నాకెవ్వరును చెప్పలేదు.