దానరక్తము – శుచిత్వము



అన్నదానమునకు పాత్రశుద్ధి యెంత ముఖ్యమో, రక్తదానమునకు దాతృశుద్ధి యంత ముఖ్యము. మన అరకు, పాడేరు మన్యములందు కొడవలికణ వ్యాధి గల బిడ్డలు కలరు. దీనినే వైద్యులు సికిల్ సెల్ అందురు. ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి విఱుగుటచే వారికి నెత్తురు తఱుగును. వ్యాధి ముదిరినపుడు పరులిచ్చు రక్తమే వారికి ప్రాణాధారము. ఈ వ్యాధిని రూపుమాపుటకై భారత ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన దేశవ్యాప్తమైన కార్యక్రమము నారంభించినది.

అయితే, ప్రాణము నిలుపవలసిన నెత్తురులో సూక్ష్మజీవులు చేరినచో నదియే ప్రాణము తీయగలదు. అవి చేరుటకు ముఖ్యమైన మార్గములు రెండు.

మొదటిది చర్మము. సూది గ్రుచ్చునపుడు చర్మముపై నున్న సూక్ష్మజీవులు నెత్తురులో కలియవచ్చును. కనుక మోచేతి మడతను మందుతో తుడిచి, తడి యాఱువఱకు వేచి యుండవలెను. పిదప నచ్చట వ్రేలు మోపరాదు. తొలుత వచ్చు కొలది నెత్తురును వేఱొక చిన్న సంచిలోనికి మఱలించుటయు కలదు. పూర్వము గాజుసీసాలలో నెత్తురు పట్టెడివారు. 1950 ప్రాంతమున అమెరికాలో కార్ల్ వాల్టర్ అను వైద్యుడు ప్లాస్టిక్ సంచిని సిద్ధపఱచిన పిమ్మట, గాలి సోకకుండ పట్టుట సుకరమైనది.

రెండవది దాత యొక్క రక్తమే. కడుపు చెడి కోలుకొనుచున్న మనుష్యుని నెత్తురులో యెర్సీనియా యను సూక్ష్మజీవి యుండవచ్చును. ఎఱ్ఱకణములను 2 మొదలు 6 డిగ్రీల చలిలో నిలువ చేయుదురు. ఆ చలికి పెక్కు సూక్ష్మజీవులు పెరుగవు. యెర్సీనియా మాత్ర మా చలిలోను వృద్ధిపొందును. దాత దాచిన జబ్బును శీతలయంత్రము పోగొట్టజాలదు.

ఇచ్చటనే మీవంటి పెద్దల యవసరము కలదు. శిబిరమునకు పోవు యువకులతో, “జ్వరము గాని, విరేచనములు గాని, పుండు గాని, ఇటీవల పన్ను పెఱికించుకొనుట గాని యున్నచో సిగ్గుపడక చెప్పుడు” అనుడు. వైద్యుడు “నేడు వలదు, మఱల రమ్ము” అన్నచో నది యవమానము కాదు. ఊరి గౌరవమునకై ఎవనిని బలవంతపెట్టకుడు.

మఱియొక మాట. ఘాటుదారిని వచ్చు నెత్తురు సంచిని శీతలపేటికనుండి దారిలో తీయరాదు. ఎండలోగాని పొయ్యికడగాని వెచ్చపెట్టరాదు. వెలికి తీసిన 30 నిమిషములలోపల నెక్కింప నారంభించి, 4 గంటలలో ముగింపవలెను. ఎక్కించునపుడు రోగికి వణకుగాని జ్వరముగాని పుట్టినచో, ప్రక్కనున్నవారు తక్షణమే నర్సును పిలువవలెను. వెంటనే యాపినచో ప్రాణము దక్కవచ్చును.

నెత్తురిచ్చువాడు దాత, నిజము చెప్పి నేడు ఇయ్యక మఱలిపోవువాడును దాతయే. సెలవు.