టక్కుమని ఆగిపోతే

బీచ్‌లో, రిసార్టులో తిరిగే ఏటీవీ బండి సెల్ఫ్ నొక్కగానే టక్కుమని ఊరుకుందా? వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ మల్టీమీటర్‌లో సుమారు 12.6 వోల్టులు చూపాలి. అది బాగానే ఉంటే ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు చూడండి. బురద, ఉప్పుగాలి తగిలే బండికి ఆ బోల్టు కింద చిలుము పేరుకుంటుంది. విప్పి, శాండ్‌పేపరుతో రుద్ది బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరి.

ఇక టైర్లు. బురదకు లోతుగా, ఎడంగా ఉన్న గట్లు కావాలి. ఇసుకలో అయితే వెనుక చక్రాలకు తెడ్ల లాంటి గట్లు. తారురోడ్డు మీద రెండూ దండగే. గాలి మాత్రం కారు టైరుకు పట్టించినట్టు 30 పట్టించకండి. చాలా ఏటీవీలకు 10 పీఎస్ఐ లోపే. మీ బండికెంతో దాని మీది స్టిక్కర్‌లోనే ఉంటుంది, చూసుకోండి.